గోడ ముందు గోడ

మా అమ్మకు మోకాలి ఆపరేషన్ అయిన రోజు, ఘాజియాబాద్‌లోని ఆ ఆసుపత్రిలో అటూ ఇటూ హిందీ తప్ప ఇంకోటి వినపడని వార్డులో, ఉన్నట్టుండి ఒక గొంతు, "పెద్దమ్మా, అట్టా బిగబట్టుకోమాకండి, కాలు వదిలెయ్యండి," అంది. అమ్మ కళ్ళు తెరిచి నవ్వింది. ఆ సిస్టర్ పేరు సరళకుమారి. సొంతూరు చీరాల దగ్గర. అమ్మ ఆసుపత్రిలో ఉన్న తొమ్మిది రోజులూ ఆమె తన డ్యూటీ అయిపోయాక కూడా ఓ పావుగంట మా మంచం దగ్గర కూర్చుని వెళ్ళేది. అలా మొదలై మేం వాళ్ళింటికీ వాళ్ళు మా ఇంటికీ వచ్చిపోవడం అలవాటైంది. ఆమె భర్త యెషయా గారి కథ నేను కొంత ఆయన నోట, ఎక్కువ ఆమె నోట విన్నాను. చివర జరిగింది మాత్రం పక్కనే నిలబడి చూశాను.

యెషయా గారు తాపీమేస్త్రి. ఆయన తండ్రి సైమన్ కూడా తాపీమేస్త్రే, కానీ సిమెంటు తెలియని మేస్త్రి. సముద్రపు ఒడ్డున ఏరిన గుల్లలు కాల్చి, ఆ సున్నాన్ని నెలల తరబడి నీళ్ళలో మగ్గబెట్టి, ఇసుక కలిపి ఎడ్లగానుగలో రుబ్బి గోడలకు పూసేవాడు. యెషయాకు చేతికి పని వచ్చేసరికి ఊళ్ళన్నిట్లో సిమెంటు వచ్చేసింది. అయినా తండ్రి దగ్గర సున్నం పని, బయట సిమెంటు పని, రెండూ నేర్చుకున్నాడు. "రెంటికీ తేడా ఏందంటే," అని ఆయన నాకు ఒకసారి చెప్పారు, "సున్నం పూసిన గోడ తడిస్తే ఆరుద్ది. సిమెంటు పూసిన పాతగోడ తడిస్తే నీళ్ళు లోపలే ఉండిపోతాయి. బయటికి బానే ఉంటది, లోపల కుళ్ళుద్ది."

1988లో పెళ్ళయింది. రెండేళ్ళకు సరళకుమారికి ఘాజియాబాద్‌లో నర్సు ఉద్యోగం దొరికింది. పెళ్ళాం ఉద్యోగం కోసం మొగుడు ఊరు వదలడమేంటని చర్చిలో కూడా చాటుగా నవ్వారట. సైమన్ మాత్రం కొడుకు సంచిలో తన తాపీ ఒకటి పెట్టి, "అక్కడ కూడా గోడలుంటాయి లేరా," అన్నాడు.

గోడలున్నాయి గానీ పని వెంటనే దొరకలేదు. భాష రాదు. మూడు నెలలు ఆమె డ్యూటీకి వెళ్తే ఆయన వంట చేసి, గిన్నెలు తోమి, కిటికీ దగ్గర కూర్చునేవాడు. చివరికి ఆమెతో పనిచేసే ఒక సిస్టర్ భర్త చెప్పగా, గంగ కాలువ దారిలో ఉన్న ఒక పాత ప్రభుత్వ భవనంలో రోజుకూలీ మేస్త్రిగా కుదిరాడు. ఆ భవనాన్ని అందరూ 'పురానీ అకాడమీ', అంటే పాత అకాడమీ, అనేవాళ్ళు. బస్సు కండక్టర్ కూడా అక్కడికి రాగానే "అకాడమీ, అకాడమీ" అని అరిచేవాడు, లోపల అకాడమీ అనేది లేక అప్పటికి నలభై ఏళ్ళు దాటినా.

రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్నప్పుడు సైన్యానికి ఆఫీసర్లు చాలక, కుర్రాళ్ళకు ఆరేసి నెలలు శిక్షణ ఇచ్చి పంపడానికి కట్టించిన భవనం అది. ఎర్ర ఇటుక, పొడుగాటి వరండాలు, వరసగా కమానులు, ముందు కవాతు మైదానం. నాలుగేళ్ళు నడిచింది. యుద్ధం అయిపోయింది, అకాడమీ మూతపడింది. మరుసటేడు దేశం రెండయినప్పుడు పంజాబు అవతలి నుంచి వచ్చిన కుటుంబాలను అందులో పెట్టారు. వాళ్ళూ వెళ్ళిపోయాక ఒక ప్రభుత్వ శాఖ తన పాత ఫైళ్ళు, విరిగిన కుర్చీలు తెచ్చి నింపింది. యెషయా వెళ్ళేసరికి అదీ పరిస్థితి.

భోజనశాలగా ఉన్న పెద్ద హాలు అన్నిటికంటే పొడుగు. దాని తూర్పు గోడ మీద, ఎత్తున, నల్లరంగు ఇంగ్లీషు అక్షరాల్లో అకాడమీ మొదటి బ్యాచి కుర్రాళ్ళ పేర్లు రాసి ఉండేవి. యెషయా ఇంగ్లీషు కూడబలుక్కుని చదువుతాడు. చేరిన మొదటి వారంలోనే ఆ వరసలో ఒక పేరు దగ్గర ఆగిపోయాడు. బి. వీరరాఘవులు, మద్రాస్.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి భార్యతో, "మనవాడొకడున్నాడే అక్కడ," అన్నాడట.

"ఎవరు? యాడోడు?"

"గోడ మీద."

ఆమెకు నవ్వొచ్చింది, తర్వాత జాలేసింది. భాష రాని ఊళ్ళో రోజంతా నోరు మూసుకుని పనిచేసే మనిషికి ఒక తెలుగు పేరు కనిపించడమే పెద్ద విషయమని ఆమెకు తెలుసు. ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆయన పొద్దున్నే హాలు తలుపు తీసి, ఎవరూ లేకపోతే, "ఏమండీ రాఘవులు గారూ, బాగున్నారా," అని పలకరించేవాడు. ఆ వీరరాఘవులు ఎవరో, యుద్ధం నుంచి తిరిగొచ్చాడో లేదో ఆయనకు తెలియదు. నాకూ తెలియదు. తర్వాత వెతికినవాళ్ళకు కూడా బర్మా వైపు పంపారన్నంత వరకే తెలిసింది.

ఉద్యోగం ఖాయమైంది. కూతురు షారన్ పుట్టింది. యెషయాకు హిందీ వచ్చింది, చలికాలం అలవాటైంది. 2003లో ఆ భవనాన్ని శిక్షణ కేంద్రంగా మార్చాలని శాఖ నిర్ణయించింది. గోడలన్నిటికీ కొత్తగా సిమెంటు పూసి, రంగులేసి, మూడు నెలల్లో సిద్ధం చేయాలని ఉత్తర్వు వచ్చింది.

హాల్లో ఏళ్ళ తరబడి గోడకు ఆనించి ఉన్న ఇనప అరలు తీశారు. వాటి వెనక, కుర్రాళ్ళ పేర్ల కింద, మనిషి ఎత్తులో, గోడంతా పెన్సిల్ రాతలు. కొన్ని ఉర్దూ, కొన్ని పంజాబీ వాళ్ళ గురుముఖి. యెషయాకు ఒక్క అక్షరం తెలియదు. పిల్లలు గీసిన గీతలేమో అనుకుని చేత్తో తుడవబోయి, ఎందుకో ఆగాడట. స్టోర్‌కీపర్ గురుదిత్ సింగ్‌ను పిలిచాడు. ఆయన రిటైరవడానికి ఇంకో ఏడాది ఉంది. జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని గోడ దగ్గరికి వెళ్ళిన మనిషి అరగంట వెనక్కి తిరగలేదు.

"ఏం రాశారు సర్దార్జీ?"

"ఉత్తరాలు, యెషయా. ఇవన్నీ ఉత్తరాలు."

దారిలో విడిపోయినవాళ్ళ కోసం రాసినవి. ఫలానా ఊరి ఫలానావాళ్ళం, పానీపట్ వెళ్తున్నాం, వస్తే అక్కడ వెతకండి. ఫలానా అమ్మాయి తమ్ముడు మా దగ్గరే ఉన్నాడు, క్షేమం. నాన్నగారు ఇక్కడే పోయారు, అమ్మకు చెప్పకండి. గురుదిత్ సింగ్ ఒక్కొక్కటీ చదివి హిందీలో చెబుతూ పోయాడు. ఒకదాన్ని మాత్రం ముందు తనలోనే రెండుసార్లు చదువుకున్నాడు. తర్వాత చెప్పాడు.

"లాయల్‌పూర్ హకీం లాల్‌చంద్ కుటుంబం కర్నాల్ వెళ్తోంది. బేటీ వీరావాలీ, నువ్వు వస్తే ఇక్కడి నుంచి కదలకు. ప్రతి నెలా ఒకటో తేదీన నేను వచ్చి చూస్తాను."

ఆ రాత పక్కన కిందికి వరసగా పెన్సిల్ గీతలున్నాయి. వచ్చిన నెలకొకటి. యెషయా లెక్కపెట్టాడు. పదకొండు.

ఆ తర్వాత ఏమీ లేదు.

"ఆ పిల్ల వచ్చుంటది, అందుకే ఆగిపోయినాయి," అంది సరళకుమారి ఆ రోజు ఇంట్లో విని.

"పెద్దాయనే పోయాడేమో."

"వచ్చిందంటే వచ్చింది. మీరు అట్టాంటి మాటలనమాకండి."

ఆ గోడను అలాగే వదిలేయమని యెషయా పెద్ద ఇంజనీరును అడిగాడు. ఆయన గోడ వైపు చూడను కూడా చూడలేదు. "ప్రారంభోత్సవానికి మంత్రిగారు వస్తున్నారు. పిచ్చిగీతలు చూపించమంటావా?" అన్నాడు. సోమవారం కల్లా హాలు ప్లాస్టరింగ్ పూర్తి కావాలి. పాత గోడకు సిమెంటు పట్టాలంటే ముందు సుత్తితో గోడంతా గాట్లు పెట్టాలి. అంటే ఆ రాతల మీద సుత్తి వేయాల్సింది యెషయాయే. ఆయన కాదంటే మరొకరు వేస్తారు.

గురువారం పొద్దున్న సరళకుమారి డ్యూటీ దిగి వచ్చేసరికి ఆయన టీ పెట్టుకుని తాగకుండా కూర్చున్నాడు. ఆ వారం ఆమె కాలిన గాయాల వార్డులో ఉంది. చెప్పులు విప్పుతూ ఆ రోజు సంగతులేవో చెబుతోంది. చిన్నపిల్ల, చేయంతా కాలింది, కట్టు మార్చేటప్పుడు పిల్ల ఏడవలేదు, దేవుడి దయ.

"ఏడవకుండా ఎట్టా మార్చారు?" అన్నాడు యెషయా.

"కట్టు గాయానికి అంటుకోకుండా మధ్యలో జిడ్డుగుడ్డ వేస్తాం కదా. లేకపోతే కట్టుతో పాటు కొత్తచర్మం ఊడొచ్చేది."

ఆయన ఆమె వైపే చూస్తూ ఉండిపోయాడట. "ఏందండీ, అట్టా చూస్తారు?" అంటే, "కట్టు అంటుకోకూడదు," అన్నాడు. టీ వదిలేసి బయల్దేరాడు.

ఆయన చేసింది ఇది. గోడకు గాట్లు పెట్టలేదు. రాతలున్నంత మేరా చుట్టూ అంచుల్లో మాత్రం సన్నటి చెక్కపట్టీలు బిగించాడు. మధ్యలో అక్కడక్కడా రాతలు లేని చోటు చూసి నిలువుగా మరికొన్ని. వాటి మీద కోళ్ళగూడుకు కొట్టే ఇనుప జాలీ లాగి కొట్టాడు. ఆ జాలీ మీద సిమెంటు పూశాడు. అసలు గోడకూ సిమెంటుకూ మధ్య అంగుళం ఖాళీ. గోడ మీద పూయలేదు, గోడ ముందు ఇంకో పల్చటి గోడ నిలబెట్టాడు. గాలి ఆడడానికి పైన కప్పు దగ్గర, కింద నేల దగ్గర సందులు వదిలి, కనపడకుండా చెక్కలు అడ్డంపెట్టాడు. పైనున్న కుర్రాళ్ళ పేర్లు కూడా అందులోకే వెళ్ళిపోయాయి.

జాలీని ఒక్కడు పట్టుకుని కొట్టలేడు. తోటివాళ్ళకు చెబితే నలుగురికీ తెలుస్తుంది. ఆదివారం సరళకుమారి ఆరాధనకు వెళ్ళకుండా ఆయనతో వచ్చింది. ఆ ఊరొచ్చిన పదమూడేళ్ళలో ఆమె ఆ భవనం లోపలికి రావడం అదే మొదటిసారి. ముందు ఆ పేరు ఎక్కడుందో చూపించమని అడిగింది. తర్వాత హకీం గారి రాత చూపించమంది. వేలు తగలనివ్వకుండా గీతలు లెక్కపెట్టింది. "పదకొండే," అంది. తర్వాత చీరకొంగు బిగించి జాలీ పట్టుకుంది. చీకటి పడకముందే జాలీ పని అయింది. సోమవారం పొద్దుటి షిఫ్టులో ఆయన సిమెంటు పూసి నునుపు చేసేశాడు.

బుధవారం జూనియర్ ఇంజనీరు రాజీవ్ తనిఖీకి వచ్చాడు. ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. ప్లాస్టర్ సరిగా పట్టిందో లేదో చూడడానికి వేలి కణుపులతో తట్టి చూస్తారు. డొల్లగా మోగితే పగలగొట్టించి మళ్ళీ చేయిస్తారు. రాజీవ్ మూడు గోడలు తట్టాడు. తూర్పుగోడ తట్టగానే డబ్బా మీద కొట్టినట్టు మోగింది. ఇంకోచోట తట్టాడు. అదే మోత. యెషయా వైపు తిరిగాడు.

"యే తో పూరా ఖోఖ్లా హై," అన్నాడు. మొత్తం డొల్ల అని.

యెషయాకు అబద్ధం చెప్పడం చేతకాదు. "సార్, లోపల జనాల ఉత్తరాలున్నాయి," అన్నాడు. ఎలా చేశాడో, ఎందుకు చేశాడో చెప్పాడు. ఉద్యోగం పోతుందనే అనుకున్నాడట. రాజీవ్ ఒకసారి ఆ కొత్త గోడ వైపు చూసి, చేతిలో కాగితం మీద సంతకం పెట్టాడు. పెట్టి, "నాకేం మోగలేదు," అని తర్వాతి గదిలోకి వెళ్ళిపోయాడు.

శిక్షణ కేంద్రం పదేళ్ళు నడిచింది. యెషయా భయపడినట్టే మిగతా గదుల్లో సిమెంటు కింద ఇటుకలు చెమ్మగిల్లి, ఉప్పు పూసి, పొలుసుల్లా రాలిపోవడం మొదలైంది. ప్రతి వానాకాలం తర్వాతా ఆయన అతుకులు వేసేవాడు. శాఖ వేరే చోటికి మారిపోయింది. 2021లో భవనం ప్రమాదకరమని బోర్డు పెట్టారు. ఉత్తరం వైపు బ్యారక్‌లు రెండు కూల్చేశారు. మిగిలింది కూడా కూల్చడానికి టెండరు పిలిచారు. ఆ మరుసటేడే యెషయా రిటైరయ్యాడు. చివరిరోజు తోటివాళ్ళు దండ వేసి ఫోటో తీసుకున్నారు. ఆయన ఆ హాల్లోకి వెళ్ళి గోడ మీద చెయ్యి పెట్టి వచ్చేశాడు. ఇంటికొచ్చి జ్వరాన పడ్డాడు.

"మందులకు తగ్గలేదండీ ఆ జ్వరం," అని సరళకుమారి నాతో అంది. "గోడ కూలుద్దని కాదు, ఆ కుర్రాళ్ళనీ ఆ పెద్దాయననీ లోపలబెట్టి తలుపేసింది తనేనని ఆయన బాధ."

ఆ మేస్త్రిని మర్చిపోని మనిషి ఇంకొకరున్నారు. రాజీవ్ అప్పటికి పెద్ద హోదాలో ఉన్నాడు. టెండరు కాగితాలు అతని బల్ల మీదికి వచ్చాయి. వాటిని కాసేపు పక్కన పెట్టి, పాత కట్టడాలను బాగుచేసే అరుంధతి అనే ఆర్కిటెక్టుకు ఫోన్ చేశాడు. "కూల్చేముందు ఒక గోడ చూడాలి. దాని గురించి నాకంటే బాగా తెలిసిన మేస్త్రి ఒకరున్నారు," అన్నాడట.

అరుంధతి తెలుగమ్మాయే. ఢిల్లీ ఆర్.కె. పురం క్వార్టర్స్‌లో పుట్టి పెరిగింది. తండ్రి కేంద్ర ప్రభుత్వంలో ఉద్యోగి. తెలుగు మొత్తం అర్థమవుతుంది, మాట్లాడబోతే మాత్రం హిందీ వచ్చేస్తుంది. యెషయా గారి ఇంటికి వెతుక్కుంటూ వచ్చి, "అంకుల్, వో దీవార్ ఆప్ ఖోలేంగే?" అని అడిగింది. ఆ గోడ మీరే తెరుస్తారా అని.

"నేనే తెరవాలమ్మా. ఎక్కడ మేకు కొట్టానో నాకే తెలుసు," అన్నారాయన.

డిసెంబరులో తెరిచారు. ముందు అంచున సిమెంటు కోసి, జాలీని కత్తెరతో కత్తిరించి, ఒక్కో ముక్కా నేలమీద పెట్టారు. మొదట కందిరీగల పాత గూడొకటి రాలిపడింది. తర్వాత పైవరస కనపడింది. నల్ల అక్షరాలు. బి. వీరరాఘవులు, మద్రాస్. ఆయన నిచ్చెన మీదే తల వంచుకుని నిలబడిపోయారు. ఆ తర్వాత పెన్సిల్ రాతలు వచ్చాయి, నిన్న రాసినట్టు.

అన్నీ దక్కలేదు. నేల నుంచి పైకి ఎక్కిన చెమ్మ కింది మూడడుగుల్నీ తినేసింది. అక్కడి ఉత్తరాలు పొడై జాలీ వెనక కుప్పపడి ఉన్నాయి. హకీం లాల్‌చంద్ మాటలు చెక్కుచెదరలేదు గానీ పక్కనున్న గీతల్లో చివరి మూడూ పోయాయి. ఎనిమిదే మిగిలాయి.

అరుంధతి ప్రతి రాతనూ ఫోటో తీసి, ఉర్దూ తెలిసినవాళ్ళతో చదివించి, నివేదిక రాసింది. అందులో 'ఎనిమిది గీతలు' అని చూసి యెషయా గారు, "పదకొండు అమ్మా. నేను లెక్కపెట్టాను. మా ఆవిడ కూడా లెక్కపెట్టింది," అన్నారు.

ఆమెకు కష్టంగానే ఉంది. "అంకుల్, జో దిఖ్‌తా హై వహీ లిఖ్ సక్తీ హూ," అంది. కనిపించేదే రాయగలనని. ఆయన వాదించలేదు. అది సబబేనన్నారు. కానీ ఇంటికొచ్చి ఆ మూడు గీతల గురించి పిల్లల్ని పోగొట్టుకున్నవాడిలా బాధపడ్డారట. కింద ఇంకాస్త పెద్ద సందు వదలాల్సింది, గాలి చాల్లేదు అని.

నివేదిక పైకి వెళ్ళింది. కూల్చివేత ఆగింది. హాలూ, దాన్ని ఆనుకున్న వరండాలూ, కవాతు మైదానం కాపాడాల్సిన కట్టడాల జాబితాలో చేరాయి. ఒక హిందీ పత్రిక హకీం గారి మాటల ఫోటో మాత్రం వేసింది, గీతలు లేకుండా. గురుగ్రామ్‌లో ఉద్యోగం చేసే ఇషిత అనే అమ్మాయి ఆ ఫోటోను ఫోన్లో చూసి, కర్నాల్‌లో ఉన్న నానమ్మకు చదివి వినిపించింది. లాల్‌చంద్ ఆ నానమ్మకు తండ్రి.

2023 మార్చిలో ఒక ఆదివారం వాళ్ళు వచ్చారు. సరళకుమారి నన్నూ రమ్మంటే వెళ్ళాను. పెద్దావిడ పేరు రాజ్‌రాణి. ఎనభై రెండేళ్ళు. తెల్లటి సల్వార్ కమీజ్, ఉన్నిశాలువా, చేతిలో కర్ర. హాల్లోకి వచ్చాక కర్ర మనవరాలికిచ్చేసి తనంతట తానే గోడ దగ్గరికి నడిచింది. ఉర్దూ ఆమెకు రాదు. అక్షరాలు చూడలేదు. చూపు నేరుగా వాటి పక్కకు పోయింది.

"గీతలు పదకొండుండాలే," అంది హిందీలో. "ఎనిమిదే ఉన్నాయేంటి?"

అరుంధతి యెషయా గారి వైపు చూసింది. ఆయన గోడకు ఆనుకుని ఉన్న స్టూలు మీద కూలబడి ముఖం రెండు చేతుల్లో దాచుకున్నారు.

"అవి నేను గీసినవే," అంది రాజ్‌రాణి. "నాకప్పుడు ఆరేళ్ళు. పాపాజీ నన్ను చంకనెత్తుకుని పెన్సిల్ నా చేతికిచ్చేవాడు. కర్నాల్ నుంచి రైల్లో వచ్చేవాళ్ళం. వచ్చిన ప్రతిసారీ అక్క ఉంటుందనుకునేదాన్ని. పన్నెండోసారి వస్తే గేటుకు తాళం. క్యాంపు ఎత్తేశారు. పాపాజీ ఆ తాళం పట్టుకుని ఎంతసేపు నిలబడ్డాడో నాకు తెలియదు. నాకు ఆకలేసి ఏడిస్తే అప్పుడు కదిలాడు."

సరళకుమారి ఆగలేకపోయింది. "మాతాజీ, మరి వీరావాలీ?" అంది.

"వచ్చింది, బేటీ. రెండేళ్ళు పట్టింది. ఆమెను అమృత్‌సర్ క్యాంపులో పెట్టారు, అక్కణ్ణించి జలంధర్ పంపి టీచర్ ట్రైనింగ్ ఇప్పించారు. మా ఊరి మనిషి ఒకడు చూసి గుర్తుపట్టాడు. ఒకరోజు మధ్యాహ్నం టాంగా బండి దిగి నడిచొచ్చింది. పాపాజీ మందు నూరుతున్నాడు. తలెత్తి చూసి, రోటీ తిన్నావా అని అడిగాడు. అంతే." రాజ్‌రాణి శాలువాతో కళ్ళు తుడుచుకుంది. "ముప్పై ఐదేళ్ళు బడిలో పాఠాలు చెప్పింది. 2011లో పోయింది. నాన్న తన కోసం ఇక్కడ ఇలా రాశాడని నేను చెబుతూనే ఉండేదాన్ని. చూపించలేకపోయాను."

"చెప్పానా, వచ్చుంటదని," అంది సరళకుమారి భర్త వైపు తిరిగి, ఏడుస్తూ.

ఇషిత బ్యాగులోంచి పెన్ను తీసి, "దాదీ, పన్నెండోది ఇప్పుడు గీస్తావా?" అంది. అరుంధతి కంగారుపడి ఏదో అనబోయింది. పెద్దావిడ తల అడ్డంగా ఊపింది.

"ఎందుకు? అక్క వచ్చేసిందిగా."

తర్వాత ఈ గోడను దాచింది ఎవరని అడిగింది. చూపించారు. ఆమె యెషయా గారి దగ్గరికి వెళ్ళి, ఆయన కుడిచెయ్యి తీసుకుని తిప్పి చూసింది. సున్నం, సిమెంటు కొరికేసి పగిలిన అరచెయ్యి. తను తెచ్చిన స్టీలు డబ్బా మూత తీసి, నేతితో చేసిన 'పిన్నీ' అనే తీపి ఉండ ఒకటి ఆ చేతిలో పెట్టింది. ఆయన తినేవరకు ఎదురుగా నిలబడింది.

అరుంధతి నివేదిక మార్చింది. కనిపిస్తున్నవి ఎనిమిది, గీసినవారూ చూసినవారూ చెప్పిన ప్రకారం పదకొండు అని, ముగ్గురి పేర్లూ కింద రాసింది. రాజ్‌రాణి, యెషయా, సరళకుమారి.

ఇప్పుడు అకాడమీలో పని నడుస్తోంది. నెమ్మదిగా, మధ్యమధ్యలో ఆగుతూ. గోడలకున్న సిమెంటంతా వలిచేసి సున్నం పూస్తున్నారు. ఆ సున్నం పని తెలిసినవాళ్ళు దొరక్క యెషయా గారినే వారానికి నాలుగు రోజులు రమ్మన్నారు. అరవై రెండేళ్ళ వయసులో మోకాళ్ళు సహకరించవు, నిచ్చెన ఎక్కనివ్వరు. కింద కూర్చుని చెబుతారు. చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు ముగ్గురు ఆయన దగ్గర నేర్చుకుంటున్నారు. వాళ్ళలో కస్తూరి అనే ఆమె చెయ్యి చాలా తేలికని, మా నాన్న తర్వాత అంత నునుపు మళ్ళీ ఈమె దగ్గరే చూశానని అంటారు. సున్నం మూడు నెలలు మగ్గాలంటే కాంట్రాక్టరు మూడు వారాలు చాలదా అని గొడవ పడ్డాడట. "మూడు వారాల్లో బిడ్డను కనమను చూద్దాం," అన్నారట యెషయా గారు. తెలుగులో అనడం వల్ల కాంట్రాక్టరుకు అర్థం కాలేదు.

సరళకుమారి కూడా రిటైరైంది. షారన్ బెంగళూరు వచ్చేయమంటోంది. ఈ వరండా అయ్యాక వస్తామంటున్నారు. ఆ వరండా తర్వాత ఇంకో వరండా ఉందని ముగ్గురికీ తెలుసు.

మొన్న ఫిబ్రవరిలో అటు వెళ్తూ ఆగాను. మధ్యాహ్నం. ఎండ కమానుల్లోంచి పడుతోంది. సరళకుమారి ఇంటి నుంచి క్యారేజీ తెచ్చింది. యెషయా గారు ఒక కన్ను కస్తూరి పూస్తున్న గోడ మీద ఉంచి గబగబా తింటున్నారు.

"కాస్త నమిలి తినండి, గోడ యాడికీ పోదు," అంది ఆమె.

"అంచు ఆరిపోతందే," అని ఆయన చెయ్యి కడుక్కోవడానికి లేచారు. నన్ను చూసి, "జరగమ్మా, పచ్చిగోడ, చీరకంటుద్ది," అన్నారు. నేను జరిగాను.